ఇసుక పాపకు ఉయ్యాల

మొన్న మా చెల్లెలికి మనవరాలు పుట్టింది. ఇరవై ఒకటో రోజున ఉయ్యాలలో వేస్తారు. ఉయ్యాల కొక్కెం కొనే పని నాకు అప్పజెప్పారు. ఇరవై ఏళ్లు బజారు గురించి పత్రికల్లో రాసినందుకు ఇంట్లో నాకు దక్కిన గౌరవం అదొక్కటే. కొక్కెమో, కుక్కరో, దోమతెరో కొనాలంటే, "పెద్దమ్మని పంపించండి, కొట్టువాణ్ని ఏడిపించి తెస్తుంది" అంటారు.

మా ఊరి బజారు జుగ్సలాయిలో ఒక ఇనుప సామాన్ల కొట్టుకి వెళ్లాను. కుర్రాడు కొత్తగా పెట్టిన కొట్టు. కొక్కెం తీసి బల్లమీద పడేశాడు. నేను తిప్పి వెనకవైపు చూస్తుంటే విసుక్కున్నాడు. "పీలా నిశాన్ దేఖ్ లీజియే మేడమ్, టూటేగా నహీఁ" అన్నాడు. చూశాను. కొక్కెం మెడ దగ్గర, బరువు పడని చోట, పసుపు రంగు బొట్టు. ఆ బొట్టు ఉంటే విరగదట. ఎవరు పెట్టారు ఆ బొట్టు అని అడిగాను. "ఊరవతల గమ్హరియాలో వీటిని చేసేవాళ్ల మొక్కేదో అయ్యుంటుంది. గిరాకీలు మాత్రం బొట్టున్నదే అడుగుతారు" అన్నాడు.

ఆ బొట్టు ఎలా వచ్చిందో ఈ ఊళ్లో ఇంకా గుర్తున్నవాళ్లం నలుగురైదుగురం ఉంటాం. దాన్ని మొదట పెట్టిన మనిషి పోయి రెండేళ్లయింది.

ఆయన పేరు ఇక్కడ రాయను. మెచ్చుకునే రాతల్లో తన పేరు ఉండకూడదని ఆయన నా చేత మాట తీసుకున్నారు. ఒకే ఒక్కసారి ఆయన పేరు ఈ బజారుకంతా తెలిసింది. అది ఎప్పుడో చెబుతాను.

కంపెనీలో టెస్ట్ హౌస్ అని ఒక విభాగం ఉంటుంది. ఈ ఊళ్లో కంపెనీ అంటే ఏ కంపెనీ అని ఎవరూ అడగరు. కొలిమి నుంచి ఒక్కో విడత ఉక్కు దిగినప్పుడల్లా దాంట్లోంచి ఒక చిన్న ముక్క కోసి, దాని కొసన సుత్తితో నెంబరు పోటు కొట్టి టెస్ట్ హౌస్‌కు పంపుతారు. యంత్రం ఆ ముక్కను రెండు కొసలా పట్టుకుని తెగేదాకా లాగుతుంది. ఎంత బరువుకు తెగిందో చూసి, అప్పుడు ఆ విడతను గేటు దాటనిస్తారు. ముప్పై ఏళ్లకు పైగా ఆయన చేసిన ఉద్యోగం ఇదే. లాగడం, విరగ్గొట్టడం, విరిగిన ముఖాన్ని భూతద్దంలో చూసి ఎందుకు విరిగిందో చెప్పడం. రిటైరయ్యాక ఆ చేతులు ఊరుకోలేదు. బజారులో దొరికే వస్తువుల మీద పడ్డారు.

నాకు ఆయన పరిచయం ఒక ప్లాస్టిక్ కుర్చీ వల్ల. అప్పుడు నేను ఢిల్లీ నుంచి వచ్చే ఒక జాతీయ పత్రికకు ఈ ఊరి విలేఖరిని. కొనుగోలుదారుల పేజీ ఒకటి కొత్తగా పెట్టి, దేశంలో నలుగురైదుగురు విలేఖరులకు పంచారు. ఆ పేజీకి నేను చేసే పని ఏమిటంటే, కంపెనీలు పంపిన ప్రకటన కాగితాల్ని నా మాటల్లో తిరగరాయడం. ఐదు మంచి కుర్చీలు, ఐదు మంచి ఇస్త్రీపెట్టెలు, అలా. కుర్చీల వ్యాసం అచ్చయిన మూడో రోజు పొద్దున్నే మా ఇంటి ముందు సైకిలు ఆగింది. వెనక క్యారియర్ మీద విరిగిన కుర్చీ కాలు కట్టి ఉంది.

"ఈ కుర్సీల గురించి రాసింది నువ్వేనా పాపా?"

"అవునండీ."

"గట్టివని రాసినావు. కూకుని సూసినావా?"

"వివరాలు కంపెనీవాళ్లే పంపారండీ" అన్నాను.

"ఆలు మరేటి రాత్తారు? మా కుర్సీ ఇరిగిపోతాదని రాత్తారేటి?"

జేబులోంచి నా వ్యాసం ఉన్న కాగితం మడత తీశారు. చెవి దగ్గర పెట్టుకుని వేలి కణుపుతో టకటకమని కొట్టారు. శ్రద్ధగా విన్నట్టు తల వంచి, "డొల్ల" అన్నారు.

నాకు ఒళ్లు మండింది. మా నాన్న అదే కంపెనీలో ఇంజనీరు. ఆయన లోపల్నుంచి వచ్చి "అరే, మీరా!" అని కుర్చీ చూపించారు. ఆ పెద్దమనిషి దాన్ని తిరగేసి, కాళ్లు నాలుగూ చూసి, అప్పుడు కూర్చున్నారు. అమ్మ కాఫీ గ్లాసు ఇస్తే దాన్నీ కణుపుతో కొట్టి విని తాగారు. వెళ్లాక నాన్న నవ్వి, "ఆయన పగులు లేదంటే మేం కళ్లు మూసుకుని సంతకం పెట్టేవాళ్లం" అన్నారు. నాన్నకు ఎవరినీ పొగిడే అలవాటు లేదు. ఆ మాటతో నా కోపం సగం చచ్చింది. మిగతా సగంతోనే మర్నాడు బర్మామైన్స్‌లో వాళ్ల ఇల్లు వెతుక్కుంటూ వెళ్లాను.

ఇరుకు సందు, రెండు గదుల ఇల్లు, ముందు చిన్న వసారా. ఒక గది గోడ పొడవునా చెక్క అరలు. అరల నిండా కుక్కర్ పిడులు, గ్యాసు గొట్టాలు, స్విచ్చులు, గొళ్లేలు, హెల్మెట్లు. ఇనుపవాటి మీద నెంబరు పోటు తప్ప దేనికీ చిన్న గీత కూడా లేదు. ప్రతిదానికీ ఒక చీటీ కట్టి ఉంది. అవేమిటని అడిగితే "సాచ్చులు" అన్నారు. ఆయన ఏ వస్తువైనా మూడు కొంటారు. ఒకటి విరగ్గొట్టడానికి, ఒకటి వాడుకోడానికి, ఒకటి సాక్షికి. సాక్షిని ముట్టుకోకూడదు, పనిలో పెట్టకూడదు. రేపు ఎవరైనా నీ మాట అబద్ధం అంటే చూపించడానికి అది ఉండాలి. టెస్ట్ హౌస్ ఆచారం అది.

వాళ్లావిణ్ని నేను పిన్నీ అనేదాన్ని. ఆయన్ని బాబాయ్ అన్నాను కాబట్టి ఆవిడ పిన్ని అయింది. "ఈ మనిసిని కట్టుకున్నాక మా ఇంట్లో ఇరక్కుండా మిగిలింది నానొక్కర్తినే పాపా" అనేది. ఆయన నవ్వకుండా, "నువ్వు సాచ్చివి కదే. నిన్ను ఇరగ్గొట్టకూడదు" అనేవారు.

ఆయనతో బజారుకి వెళ్లడం ఒక చదువు. కొట్టువాడు చేతికిచ్చిన వస్తువు ఎప్పుడూ తీసుకునేవారు కాదు. పైనొకటి, గుట్ట మధ్యలోంచి ఒకటి, అడుగునుంచి ఒకటి తనే చెయ్యిపెట్టి తీసేవారు. "కొట్టువోడిచ్చిందైతే ఆడి మాట. మన సెయ్యెల్లి తీత్తే బజారు మాట." ఏ వస్తువునైనా ముందు వెనక్కి తిప్పేవారు. "ఎనకాల సూడు పాపా. ముందుకి అందరూ సింగారించుకునే వత్తారు." ఈ మాట మనుషులకూ పనికొస్తుందని నాకు తర్వాత తెలిసింది.

విరగ్గొట్టే ముందు మాత్రం ఒక పని చేసేవారు. ఆ వస్తువును, అది ప్లాస్టిక్ మగ్గయినా సరే, రెండు చేతులతో కళ్లకు అద్దుకునేవారు. మొదటిసారి చూసి నేను పకపకా నవ్వాను. మగ్గుకు దండమేమిటి బాబాయ్ అన్నాను.

"మనకోసం ఇరిగిపోతన్నాది కదా పాపా" అన్నారు.

ఆ తర్వాత నేనెప్పుడూ నవ్వలేదు. నేను కూడా అద్దుకోవడం మొదలుపెట్టాను, ఎవరూ చూడనప్పుడు.

నా పేజీ మారింది. ఈ కుర్చీలో ముగ్గురం మార్చి మార్చి నెల్లాళ్లు కూర్చున్నాం, ఈ గొట్టాన్ని ఇన్నిసార్లు వంచాం, ఇక్కడ పగిలింది అని రాయడం మొదలుపెట్టాను. పాఠకుల ఉత్తరాలు సంచుల్లో వచ్చేవి. పండగకి వచ్చే కంపెనీల కానుక బుట్టలు ఆగిపోయాయి, అమ్మ కాస్త నొచ్చుకుంది. ఢిల్లీ డెస్కువాళ్లు ఈ ప్రయోగాలు చేసేదెవరు, పేరు, ఫొటో పంపమని ఎన్నిసార్లు అడిగినా ఆయన ఒప్పుకోలేదు. "నా పేరెందుకు? ఇరిగింది నాను కాదు కదా. మంచి జరిగితే నా పేరు ఎప్పుడూ రాయకు. మాటియ్యి" అన్నారు. ఇచ్చాను. అలా పన్నెండేళ్లు గడిచాయి.

అప్పుడొచ్చింది ఆ ఉత్తరం. ఒక చిన్న ఊరి నుంచి ఒక తల్లి రాసింది. గమ్హరియాలో తయారైన కొక్కెం కొని రెండు నెలలు కాలేదు, ఉయ్యాల పడిపోయి పాప నుదుటికి దెబ్బ తగిలింది, దయచేసి రాయండి అని. కొక్కెం వచ్చిన పొట్లం కాగితం కూడా పెట్టింది. దానిమీద చిలక బొమ్మ. ఉత్తరం చదువుతుంటే ఆయన ముఖం వాడిపోయింది. పసిపిల్లల సంగతి వస్తే ఆయన ముఖం అలాగే అయిపోయేది. సాయంత్రానికల్లా మూడు చిలక కొక్కేలు వేరువేరు కొట్లలోంచి తెచ్చారు.

వసారాలో దూలానికి కొక్కెం బిగించి, పిన్ని పాత చీరతో ఉయ్యాల కట్టారు. ఏడాది పిల్లకు మూడింతల బరువుండేలా ఇసుక మూట కుట్టి అందులో పడుకోబెట్టారు. పాత కుట్టుమిషను మోటారు ఒకటి తగిలిస్తే ఉయ్యాల దానంతటదే ఊగడం మొదలుపెట్టింది. పిన్ని సణుగుతూనే వెళ్లి, ఆ ఇసుక మూటకు కాటుకతో చుక్క పెట్టి వచ్చింది. అదేమిటన్నారాయన.

"సందంతా సూసెల్తన్నారు. దిట్టి తగల్దేటి?" అంది.

నిజంగానే సందంతా చూసి వెళ్లేది. నీళ్లకి వెళ్లే ఆడవాళ్లు ఆగి, "పిన్నీ, పాప తొంగుందా?" అని వేళాకోళమాడేవాళ్లు. "తొంగోదమ్మా, దీనికీ ఆల తాత మొండితనమే వచ్చినాది" అనేది పిన్ని. నాలుగైదు రోజులకి ఆవిడ ఆ ఉయ్యాల పక్కన కూర్చునే బియ్యం ఏరుకోవడం నేను చూశాను. వాళ్లకి పిల్లలు లేరు. ఆ సంగతి మేం ముగ్గురం ఎప్పుడూ మాట్లాడుకోలేదు.

తొమ్మిదో రోజు పొద్దున్న నేను అక్కడ ఉండగానే కొక్కెం విరిగింది. ఇసుక మూట నేలకి కొట్టుకుంది. "ఓలమ్మా!" అని పిన్ని వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చి ఆ మూటను ఒళ్లోకి లాక్కుంది. ఆయన గోడకి ఆనుకుని నిలబడిపోయారు. విరిగిన ముక్క ఆయనే తీసి నా చేతిలో పెట్టారు. "రాసీ పాపా. బేగి రాసీ" అన్నారు.

రాశాను. వేగిరమే రాశాను. డెస్కు ఎగిరి గంతేసింది. అన్ని ఎడిషన్లలోనూ పేజీ పైన సగం, విరిగిన కొక్కెం ఫొటో ఇంత పెద్దది. తయారుచేసినవాళ్ల పేరు వేయలేదు, చిలక పొట్లం బొమ్మ వేశాం. బజారుకి పేరు కంటే బొమ్మే బాగా గుర్తు. రెండు టీవీ చానళ్లు ఆ ఫొటో చూపించి గొంతు చించుకున్నాయి. జుగ్సలాయి వ్యాపారులు వారం తిరక్కుండా చిలక బస్తాలన్నీ గమ్హరియాకి తిప్పి పంపేశారు. మా ఎడిటరు స్వయంగా ఫోన్ చేశాడు. కొనుగోలుదారుల పేజీలు అన్నిటికీ ఢిల్లీలో ఒక సంపాదకురాలు కావాలి, నీ పేరు రాసి ఉంచాను అన్నాడు. ఆ రాత కోసం నేను పన్నెండేళ్లుగా ఎదురుచూస్తున్నాను. ఇల్లంతా మిఠాయి పంచాను.

మూడు వారాలైంది. ఒక మధ్యాహ్నం ఆయన మా ఇంటికొచ్చారు. కుర్చీ తిరగేయలేదు. ఊరికే కూర్చున్నారు. అప్పుడే నాకు ఏదో తేడా ఉందనిపించింది. విరిగిన కొక్కెం, భూతద్దం బల్లమీద పెట్టి "సూడు" అన్నారు.

చూశాను. విరిగిన ముఖం మీద సన్నటి వలయాలున్నాయి. నీళ్లలో రాయి పడితే వచ్చే అలల్లాగ, అన్నీ ఒక్క చోటినుంచి బయల్దేరాయి. ఆ చోట అంచుమీద ఒక అంకె పోటు, మూడు.

"ఆ మూడు ఎవరు కొట్టినారో తెల్సా? నానే."

మూడు కొక్కేల్లో ఏది ఏదో తెలియడానికి నెంబర్లు కొట్టారు. సాక్షి ఒకటి, వాడుకునేది రెండు, ఊపేది మూడు. టెస్ట్ హౌస్‌లో పోటు ముక్క కొసనే కొడతారు. కొసల్ని యంత్రం పట్టుకుంటుంది, అక్కడ తెగదు. కొక్కేనికి కొస ఏది? సుత్తి బాగా ఆనేది వంపు మీదే. చెయ్యి ఆలోచించకుండా అక్కడ కొట్టేసింది. బరువంతా పడేది సరిగ్గా ఆ వంపు మీదే. ఆ చిన్న గాటు దగ్గర పగులు మొదలై, ఊగినప్పుడల్లా వెంట్రుకవాసి పెరిగి, తొమ్మిదో రోజుకి తెగింది.

"పెద్దోణ్నయిపోనాను పాపా. ఇరిగిన ముకం సూడకుండానే నీ సేతిలో ఎట్టేసినాను. మూట పడిపోయినాక నాకేటీ కనబడనేదు" అన్నారు. పిన్ని ఆ మూటను ఎత్తుకున్న తీరు నాకు కళ్లముందు మెదిలింది. తర్వాత ఎప్పుడో భూతద్దం పెట్టి చూసుకుని, జన్మలో మొదటిసారి సాక్షిని అరలోంచి దించారట. పోటును నున్నగా ఆకురాయితో తీసేసి, అదే ఇసుక మూట వేసి ఊపారు. పదిహేడు రోజులు. అది చెక్కు చెదరలేదు.

"మరి ఆ తల్లి ఉత్తరం?" అన్నాను. నా గొంతు నాకే దొంగగొంతులా వినిపించింది.

"ఆ యమ్మ కొక్కెం పంపమని అడిగినావా?"

అడగలేదు. ఆయన ఎదుటే, ఉత్తరంలో ఉన్న నెంబరుకి ఫోన్ చేశాను. కొక్కెం బాగానే ఉందమ్మా, దూలానికి కట్టిన తాడు తెగింది, కొత్తగా కొన్నది కొక్కెమే కదా అని దాని పొట్లం పంపాను, మీరు రాసింది చూసి కొక్కెమే చెడ్డదేమో అనుకున్నాం అంది ఆవిడ. అప్పుడు నేనన్న మాట ఇప్పటికీ గుర్తొస్తే తల దించుకుంటాను.

"ఎవరికి తెలుస్తుంది బాబాయ్?" అన్నాను.

ఆయన నన్ను తిట్టలేదు. "నాకు తెల్సు. ఇప్పుడు నీకూ తెల్సు. ఇద్దరం సాలమా?" అని లేచారు.

ఎడిటరుకు ఫోన్ చేశాను. "పదకొండో పేజీలో కింద రెండు లైన్లు వేద్దాం. పెద్దది చేయకు, నీ ఢిల్లీ కాగితాలు సంతకానికి వెళ్లాయి" అన్నాడు. సరేనన్నాను. మర్నాడు పొద్దున్న ఆయన నన్ను గమ్హరియా రమ్మన్నారు. వెళ్లాను.

రేకుల షెడ్డు. వాకిట్లో తిరిగొచ్చిన బస్తాలు గోడంత ఎత్తున పేర్చి ఉన్నాయి. పొట్లాలు కట్టే ఆడవాళ్లు ముగ్గురు పని లేక గుమ్మంలో కూర్చున్నారు. యజమాని నలభై ఏళ్ల మనిషి. అతని ఎదురుగా నిలబడి మా బాబాయి కంపెనీలో నేర్చిన హిందీలో జరిగిందంతా చెప్పారు. ఎక్కడా నీళ్లు నమల్లేదు. యజమాని విరిగిన కొక్కేన్ని అటూ ఇటూ తిప్పుతూ కూర్చున్నాడు. చివరికి, "పసిపిల్లల వస్తువులో దగా చేశావా అని మా అమ్మ మూడు వారాలుగా నాతో మాట్లాడ్డం లేదు" అన్నాడు. కొక్కెం కింద పెట్టి, "మీరు వచ్చి చెప్పకపోతే నాకు తెలిసేదా?" అని అడిగాడు.

"తెలిసేది కాదు" అన్నారు బాబాయి.

ఒకామె లేచి గ్లాసుతో నీళ్లు తెచ్చి ఇచ్చింది. ఆయన దాన్ని కణుపుతో కొట్టకుండా తాగేశారు. నేను చూసినంతలో అదొక్కసారే.

"ఇప్పుడేం చేస్తారు మరి?" అన్నాడు యజమాని.

"ఊపుతాను" అన్నారు.

మూడో రోజున నాకు కబురు తెలిసింది. జుగ్సలాయి బజారు నడిబొడ్డున, బస్తాలు తిప్పి పంపిన కొట్టు ముందే ఇనుప చట్రం నిలబెట్టి ఉయ్యాల కట్టారు. అదే చీర, అదే మోటారు, అదే ఇసుక మూట, అదే కాటుక చుక్క. కొక్కెం ఆయన ఎంచింది కాదు. గమ్హరియా నుంచి తెచ్చిన బస్తాలో దారినపోయేవాళ్లు చెయ్యిపెట్టి తీసినదే బిగించేవారు. గుర్తుకి ఈసారి పోటు కొట్టలేదు, మెడ దగ్గర పసుపు రంగు బొట్టు పెట్టారు. పక్కనే ఒక స్టూలు మీద డెబ్భై దాటిన మనిషి తలగుడ్డ చుట్టుకుని కూర్చున్నారు. హమాలీలు బస్తాలు మోస్తూ, "చాచా, బచ్చా సోయా?" అని పాప నిద్ర గురించి ఎగతాళి చేస్తున్నారు. "అభీ నహీఁ బేటా" అంటున్నారాయన.

ఎండలోంచి ఇంటికి తీసుకెళ్లిపోదామని వెళ్లాను. అప్పుడు చట్రానికి కట్టిన నల్లపలక కనిపించింది. హిందీలో ముత్యాల్లాంటి అక్షరాలు. "చిలక కొక్కెం విరుగుతుందని పేపర్లో వచ్చింది. తప్పు కొక్కేనిది కాదు, పరీక్ష చేసినవాడిది. పరీక్ష చేసింది నేను." కింద ఆయన పేరు. ఇంటిపేరుతో సహా పూర్తి పేరు. తండ్రి పేరు, బర్మామైన్స్ ఇంటి నెంబరు. పన్నెండేళ్లు ఏ మెప్పుకీ బయటపెట్టనివ్వని పేరు అది. ఇంత మనిషి పక్కన ఇన్నాళ్లు తిరిగి ఆయన కొలత నాకు తెలియలేదు.

"ఎండగున్నాది, నీడకి రా" అన్నారు.

"పలక కింద సగం ఖాళీగా ఉందేంటి బాబాయ్?"

"ఉన్నాది. సుద్దముక్క కూడా ఉన్నాది" అన్నారు. నావైపు చూడలేదు. ఉయ్యాలనే చూస్తున్నారు.

ముందు నాకు కోపం వచ్చింది. అబద్ధమెందుకు, సిగ్గు తర్వాత వచ్చింది. ఢిల్లీ గుర్తొచ్చింది, పంచిన మిఠాయి గుర్తొచ్చింది. ఉయ్యాల ఎన్నిసార్లు ఊగిందో తెలియదు, అంతసేపు నిలబడ్డాను. తర్వాత వంగి సుద్దముక్క తీసుకున్నాను. "అడగాల్సింది అడక్కుండా రాసింది నేను" అని రాసి కింద నా పేరు, పత్రిక పేరు రాశాను. ఎవరో ఫోన్లో ఫొటో తీశారు. సాయంత్రానికి అది బజారంతా తిరిగింది, రాత్రికి ఢిల్లీ చేరింది.

ఎడిటరు అరిచిన అరుపులు ఇక్కడ రాయక్కర్లేదు. "బజారంతటికీ తెలిసిపోయింది, ఇక తెలియనిది మన పత్రికకే" అన్నాను. పై ఆదివారం అదే పేజీలో, అదే పైసగంలో, అంతే పెద్ద అక్షరాలతో మా తప్పు అచ్చయింది. కింద నా పేరు ఒక్కటే వేశాను. ఢిల్లీ కుర్చీ ఇంకెవరికో వెళ్లింది. కొన్ని నెలలు ఆయన మీద లోలోపల కుమిలాను, అది కూడా ఒప్పుకుంటున్నాను.

ఆ ఆదివారం పత్రిక పట్టుకుని జుగ్సలాయి వెళ్లాను. ఆయన కళ్లజోడు పెట్టుకుని మొదటినుంచి చివరిదాకా చదివారు. వెనక్కి తిప్పి వెనకాల ఏముందో కూడా చూశారు. మడతపెట్టి, చెవి దగ్గర పెట్టుకుని, కణుపుతో టకటకమని కొట్టారు. తల వంచి విన్నారు.

"పగులు నేదు" అన్నారు.

నా జీవితంలో నాకొచ్చిన మెప్పు ఏదైనా ఉంటే అది. ఉయ్యాల అక్కడ నెల రోజులు ఊగింది. కొక్కెం విరగలేదు. బొట్టున్న కొక్కెం ఇమ్మని జనం అడగడం మొదలుపెట్టారు. గమ్హరియా యజమాని అప్పట్నుంచీ ప్రతి కొక్కేనికీ ఆ బొట్టు పెడుతున్నాడు. పొట్లాలు కట్టేవాళ్లు గుమ్మంలోంచి లోపలికి వెళ్లిపోయారు. ఆయన పోయినప్పుడు ఆ ముగ్గురూ వచ్చి పిన్ని పక్కన రోజంతా కూర్చున్నారు.

ఇదంతా ఆ కొట్టు కుర్రాడికి చెప్పలేదు. పైనుంచి ఒకటి, మధ్యలోంచి ఒకటి, అడుగునుంచి ఒకటి తీశాను. ఒక ఉయ్యాలకి మూడెందుకు మేడమ్ అన్నాడు. అలవాటు అన్నాను.

ఇంటికొచ్చి వసారాలో ఉయ్యాల కట్టి ఇసుక మూట వేశాను. కాటుక చుక్క పెట్టాను. మోటారు లేదు, వచ్చేపోయేవాళ్లం తలో ఊపు ఊపుతున్నాం. మా చెల్లి మనవరాలు లోపల మంచం మీద పడుకుని ఉంది. "ఏం చాదస్తమే అక్కా, పిల్లని వెయ్యకుండా ఇసుకని ఊపుతావా? ఎవరు నేర్పారు నీకిది?" అని నవ్వింది చెల్లి.

ఆయన పేరు చెప్పాను. ఇంటిపేరుతో సహా, పలక మీద ఉన్నట్టే. అచ్చులో వద్దన్నారు గాని, ఉయ్యాల దగ్గర వద్దనలేదు.